సీసా పోయిందా, ముక్కు పోయిందా? బోరబండ నుంచి కోకాపేట దాకా ఒక శనివారం

ఊరు దాటని ప్రయాణానికి కూడా అనుభవం రాయొచ్చా అని రెండు రోజులు తటపటాయించాను. బోరబండలో రైలెక్కి, హైటెక్ సిటీలో దిగి, కోకాపేటలో ఒకరింట్లో భోంచేసి, సాయంత్రం ఖాజాగూడ గుట్టల మీద కాసేపు కూర్చుని ఇంటికొచ్చాను. అంతే. కానీ పరిమళాలంటే ఇష్టమున్నవాళ్ళు, ముఖ్యంగా మా సెంట్ల సంఘంలోకి కొత్తగా రావాలనుకుంటున్నవాళ్ళు, మేం కలిసే రోజు ఎలా గడుస్తుందో రాయమని అడుగుతున్నారు. పైగా ఆ శనివారం నేను మామూలుగా బయల్దేరలేదు. నా చేతిసంచిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సెంటు సీసా ఉంది. అది చెడిపోయి ఉండాలని దేవుడికి దణ్ణం పెట్టుకుని మరీ గడప దాటాను.

ఎందుకో చెప్పాలి. నేను సెంట్లు సేకరిస్తాను. పూసుకోవడానికి కొనేవాళ్ళు వేరు, దాచుకోవడానికి కొనేవాళ్ళు వేరు. నేను రెండో రకం. వెలుతురూ వేడీ తగిలితే సెంటు పాడవుతుంది కాబట్టి, మా ఇంట్లో అన్నిటికంటే చల్లగా చీకటిగా ఉండే బీరువా అర వాటికే ఇచ్చేశాను. అందులో ఉండాల్సిన పట్టుచీరలు మంచం కింద పెట్టెలోకి వెళ్ళాయి. “ఉన్నది ఒక్క ముక్కు. దానికి ఇన్ని సీసాలా?” అని మా ఆయన పండగ పండగకీ ఒకసారి అంటారు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళకి కొన్ని వింత అలవాట్లు ఉంటాయి. వాసన చూడకుండానే, ఎవరో రాసిన నాలుగు మాటలు చదివి కొనేస్తాం. వచ్చాక నచ్చకపోయినా, వానాకాలంలో బాగుంటుందేమో చూద్దాంలే అని దాస్తాం. పెళ్ళికి వెళ్తూ ఎడమ చేతికొకటి, కుడి చేతికొకటి కొట్టుకుని, అక్షింతలు వేసే వేళకి ఏ చెయ్యి గెలిచిందో చూసుకుంటాం.

ఆ సీసాని నాకు ముప్పై ఏళ్ళప్పుడు, ఆఫీసు పని మీద మొదటిసారి సింగపూర్ వెళ్ళి వస్తూ విమానాశ్రయంలో కొన్నాను. కొట్టగానే నారింజ తొక్క గోటితో గిల్లినట్టుంటుంది. అరగంటకి తడిసిన వట్టివేళ్ళ తడిక. సాయంత్రానికి అవన్నీ వెళ్ళిపోయి, ఎండలో ఆరిన దుప్పటిలో ముఖం పెట్టుకున్నట్టు మెత్తగా ఒక వాసన మిగులుతుంది. దాన్ని మేం కస్తూరి అంటాం గానీ, ఇప్పుడు అన్నీ ప్రయోగశాలలో చేసినవే. కొన్నాళ్ళకి ఆ కంపెనీ ఆ సెంటు తయారీ ఆపేసింది. అప్పట్నుంచి నేను పిసినారినయ్యాను. పుట్టినరోజుకి ఒక్కసారి, పెళ్ళిరోజుకి ఒక్కసారి. తర్వాత అదీ మానేసి, మూత తీయకుండా అప్పుడప్పుడు సీసాని వెలుతురుకి పట్టి ఎంత మిగిలిందో చూసుకునేదాన్ని.

ఈ వానాకాలం మొదట్లో జ్వరం వచ్చింది. జలుబుతో పాటు వాసన పోయింది. వారానికి తిరిగొచ్చింది గానీ వంకరగా వచ్చింది. కాఫీ పెట్టుకుంటే టైరు కాలినట్టుండేది. నెమ్మదిగా ఒక్కొక్కటే సర్దుకున్నాయి. ముక్కు తిరిగొచ్చిన సంబరంలో ఆ సీసా తీసి మణికట్టు మీద ఒక్కసారి కొట్టుకున్నాను. నారింజ తొక్క లేదు. గోళ్ళరంగు తుడిచే మందు వాసన. దాచేసి, కొన్ని వారాలాగి, మళ్ళీ ఒక్కసారి కొట్టాను. అదే వాసన.

సీసా పాడైతే ఒక్క సీసా పోయినట్టు. ముక్కు పాడైతే బీరువా అంతా పోయినట్టు. డాక్టరు దగ్గరికి వెళ్తే టార్చిలైటు వేసి చూసి, “వంట వాసన వస్తోందా? వస్తే ఇంకేంటమ్మా?” అన్నారు. ఆయనకి ఎలా చెప్పను? ఇంగువా, వెల్లుల్లీ వాసన రావడం సాక్ష్యం కాదు. కస్తూరి లాంటి సన్నని వాసనలు మంచి ముక్కులకే ఒక్కోసారి అందవు. నలభై దాటిన ఆడవాళ్ళకి ఒంట్లో మార్పులతో ముక్కు కూడా మారుతుందని ఎక్కడో చదివాను. చదవకపోతే బాగుండేది. ఇక మిగిలిన దారి ఒక్కటే. ఆ సీసాని వేరేవాళ్ళ ముక్కుల ముందు పెట్టడం.

అలాంటి ముక్కులు కొన్ని నాకు తెలుసు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే మాలాంటివాళ్ళం కొందరం అప్పుడప్పుడు ఎవరింట్లోనైనా కలుస్తాం. పేరు ముక్కుల సంఘం. ఎవరి సీసాలు వాళ్ళు తెస్తారు, అందరూ వాసన చూస్తారు, నచ్చినవి చిన్న చిన్న గాజు గొట్టాల్లో కొంచెం కొంచెం మార్చుకుంటారు. నియమాలు కఠినం. సెంటు సంఘానికి ఎవరూ సెంటు పూసుకుని రాకూడదు. తలలో పూలు, కొబ్బరినూనె వద్దు. ఒంటికీ బట్టలకీ వాసన లేని సబ్బే వాడాలి. ఆతిథ్యమిచ్చే ఇంట్లో ఆ పూట అగరొత్తి వెలగదు, పోపు వేగదు. ఈసారి వంతు కోకాపేటలో ఉండే శిరీషది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది, తణుకు పిల్ల. ఫోన్లోనే గట్టిగా చెప్పింది: “సీసా తెండి విజయ గారూ. పోయిందో లేదో తేల్చేద్దాం. టెస్టింగే కదండీ నా ఉద్యోగం.”

శనివారం పొద్దున పది దాటాక బోరబండ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కాను. లింగంపల్లి వైపు వెళ్ళే రైలు. హైటెక్ సిటీ పక్క స్టేషనే. టికెట్ టీ ఖర్చు కూడా కాదు, కానీ రైళ్ళు తక్కువ, కాబట్టి వేళలు ముందు చూసుకోండి. ఒక్క స్టేషనే అయినా, అదే దూరం రోడ్డు మీద వెళ్తే ట్రాఫిక్‌లో ప్రాణం విసిగిపోతుంది. దిగి బయటికి రాగానే ఒక టిఫిన్ బండి ఉంది. బండి మీద నడివయసు ఆవిడ ఇడ్లీలు తీస్తోంది. ప్లేటు తీసుకున్నాను. ఈ మధ్య అలవాటైపోయింది, నోట్లో పెట్టే ముందు ముక్కు దగ్గర పెడుతున్నాను. పల్లీ చట్నీ ఒకసారి, అల్లం చట్నీ ఒకసారి వాసన చూశాను. ఆవిడ గరిటె ఆపేసింది.

“ఏమైందమ్మా, పాసిపోయిందా?”

“లేదు లేదు. ఊరికే…”

“పొద్దుగాల్నే లేసి నూరిన. నువ్వు గిట్ల వాసన జూస్తే పక్కన గిరాకీ ఏమనుకుంటడు?”

నిజంగానే పక్కన తింటున్న ఐడీ కార్డు కుర్రాడు తన ప్లేటు వైపు అనుమానంగా చూసుకుంటున్నాడు. “బాగుందక్కా, చానా బాగుంది” అని ఇద్దరికీ వినిపించేలా చెప్పి, ఇంకో ప్లేటు కూడా తిన్నాను. పరువు నిలబెట్టడానికి. ఆవిడదో నాదో తెలియదు.

శిరీష ఇంటికి పన్నెండుకి చేరితే చాలు. అందుకని దుర్గం చెరువు వైపున్న పెద్ద మాల్‌లో ఆగాను. ఈ దారిలో వచ్చేవాళ్ళు ఇక్కడ ఆగడం మంచిదే. షాపులు పదకొండుకి తెరుస్తారు, ఆ వేళప్పుడు జనం ఉండరు, సేల్స్ అమ్మాయిలు ఓపిగ్గా చూపిస్తారు. కొనకపోయినా ఏమీ అనరు. నాకు ఒక నారింజ సెంటు, ఒక గులాబీ సెంటు కాగితం ముక్కల మీద కొట్టి ఇచ్చింది ఒక అమ్మాయి. రెండూ బాగానే అందాయి. మధ్యలో ముక్కుకి విశ్రాంతి అంటూ కాఫీ గింజల గిన్నె చాపింది. కాఫీ కూడా కాఫీలానే ఉంది. నిజానికి మా సంఘంలో ఎవరూ కాఫీ గింజలు నమ్మరు. మా మోచేతి మడతే మేం వాసన చూసుకుంటాం. మాల్ మధ్యలో నిలబడి సొంత మోచెయ్యి వాసన చూసుకుంటున్న ఆడమనిషి మీకు కనిపిస్తే భయపడకండి, మావాళ్ళే. “ఇందులో కస్తూరి ఎక్కువున్నది ఏదమ్మా?” అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. అది అందకపోతే అక్కడే కూలబడతానని భయం.

మాల్ బయట ఆటో మాట్లాడుకున్నాను. కోకాపేటకి మూడు వందలు అడిగితే రెండు వందల యాభైకి కుదిరింది. డ్రైవర్ పేరు యాదగిరి, నర్సాపూర్ దిక్కు మనిషి. అద్దానికి మల్లెపువ్వు బొమ్మ ఉన్న అట్ట వేలాడుతోంది. దాని ఘాటు రెండు నిమిషాల్లో నా చున్నీకి పట్టేలా ఉంది.

“అన్నా, ఏమనుకోకు. ఆ అట్ట జర తీసి పెడ్తవా?”

“ఎందుకు మేడం, తలనొస్తదా?”

“లేదన్నా. నేను పోయే కాడ నా మీద ఏ వాసన ఉండొద్దు.”

అద్దంలోంచి చూశాడు. “దవాఖానల పరీక్షకా?”

“కాదు. సెంట్ల మీటింగుంది.”

“సెంట్ల మీటింగ్‌కు వాసన లేకుంట పోవాల్నా?” అట్ట తీసి డబ్బాలో పెడుతూ నవ్వాడు. “మంచిగున్నది మేడం. పెండ్లికి పోయెటోడు ఇంట్ల అన్నం తిని పోయినట్టు.”

బయోడైవర్సిటీ కూడలి దాటి ఖాజాగూడ చేరేసరికి సీసా కథంతా చెప్పించుకున్నాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు “ఏదీ, సూడనీయుండ్రి” అన్నాడు. కొట్టి చూపించడానికి నాకు చెయ్యి రాలేదు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టాను అంతే. పీల్చి, “మొన్న మా ఇంట్ల తలుపులకు రంగేసిండ్రు. గట్లనే కొడుతుంది” అన్నాడు. నాకెంత సంతోషమేసిందో. మరుక్షణమే చూశాను, దవడలో పొగాకు ఉంది. ఆ ముక్కు సాక్ష్యం ఏ కోర్టులో చెల్లుతుంది?

“జర ఫికర్ జేయకుండ్రి మేడం. వాసననే గద” అన్నాడు దిగేటప్పుడు. వాసనే కదా. ఇంట్లోవాళ్ళూ అదే అంటారు. చూపు కాదు, వినికిడి కాదు, అది పోతే ఎవరూ చేయి పట్టుకుని రోడ్డు దాటించరు. అందుకే దాని గురించి దిగులు పడాలన్నా మొహమాటంగా ఉంటుంది.

శిరీష వాళ్ళ టవర్ గేటు దగ్గర సెక్యూరిటీ అతను సంచి వైపు చూసి గొంతు తగ్గించాడు. “గా ఇంటికేనా మేడం? పొద్దుగాలనుంచి అందరు సీసాలు పట్టుకొనే వస్తున్నరు. పార్టీనా?” “పార్టీయే, కానీ తాగేది కాదు” అన్నాను. నమ్మినట్టు లేదు.

ఇరవై రెండో అంతస్తులో తలుపు తీసింది శిరీష అత్తగారు, సత్యవతి గారు. డెబ్బై దగ్గర ఉంటాయి. చేతిలో గరిటె.

“రామ్మా, కూర్చో. నువ్వూ పోపు లేని పప్పు తినడానికే వచ్చావా?”

“అత్తయ్యగారూ, ఒక్క పూటే కదండీ” లోపల్నుంచి శిరీష.

“ఒక్క పూటేలే. ఇవాళ పోపొద్దన్నారు, రేపు ఉప్పొద్దంటారు. ఇంటికి చుట్టాలొస్తే ఇల్లు ఘుమఘుమలాడాలంటారు గానీ, ఇదేం చోద్యవో!”

ఐదుగురం అయ్యాం. అందరిలో ఆరితేరిన ముక్కు రఘుది. వరంగల్ అబ్బాయి, అతని దగ్గర సీసాలు నాకంటే మూడింతలున్నాయి. శిరీష అన్ని సీసాలకీ తెల్లకాగితం చుట్టేసింది, నాదానికీ. ఏది ఎవరిదో తెలియకుండా ఒక్కో దాన్నుంచి ఒక్కో చీటీ మీద కొట్టి అందరికీ అందించింది. కొన్నిటికి ఆహా అన్నాం. ఒకదానికి “మా నాయనమ్మ ట్రంకు పెట్టె” అన్నాడు రఘు, అది పొగడ్తో తిట్టో తెలియలేదు. నాలుగో చీటీ నా చేతికొచ్చింది. గోళ్ళరంగు మందు. నాది. ఏమీ తెలియనట్టు పక్కకి అందించాను.

శిరీష ముఖం ముడుచుకుంది. “అమ్మ బాబోయ్. నెయిల్ పాలిష్ రిమూవరండీ ఇది!”

రఘు కళ్ళు మూసుకుని చూశాడు. “ఇది పోయింది. ఎవరిదో గానీ, పాపం.”

మిగతా ఇద్దరూ పరామర్శకి వచ్చినట్టు తలూపారు. నాకు మాత్రం భుజాల మీది బస్తా దించినట్టుంది. నవ్వు ఆగలేదు.

“మీదేనా?” అంది శిరీష. “సెంటు పోతే నవ్వుతున్నారేంటండీ?”

“ముక్కు ఉందని” అన్నాను.

ఆ ఆనందం చీటీ ఆరేదాకా కూడా నిలవలేదు. రఘు ఇంకా ఆ చీటీని వదల్లేదు. “పైన పోయింది గానీ అక్కా, కింద కస్తూరి మంచిగనే ఉన్నది. చూడు” అని నా చేతికిచ్చాడు. చూశాను. మందు వాసన తగ్గింది. దాని కింద కాగితం. ఉత్త కాగితం.

“వస్తలేదా?”

“వస్తున్నట్టే ఉంది” అన్నాను. అబద్ధం. శిరీష తీసుకుని, “నాకూ లీలగా ఉందండీ” అంది.

రఘుకి అర్థమైంది. “చానా మందికి రాదక్కా అది. నాకు ఒక రకం రాదు, మా ఆవిడకు ఇంకో రకం రాదు. ఏం కాదు.” నిజమే. కానీ నాకు వచ్చేది. ఆ దుప్పటి వాసన కోసమే ఆ సీసా కొన్నాను. చీటీని సంచిలో వేసుకుని, ముక్కులో ఏ మూల ఏ దీపం ఆరిపోయిందో అని ఆలోచిస్తూ మిగతా సీసాలకి ఊరికే తలాడించాను.

ఒంటిగంటన్నరకి సత్యవతి గారు హాల్లోకి తొంగిచూశారు. “అయిందా మీ వాసనల యజ్ఞం? ఇక పోపు పెట్టుకోవచ్చా?”

“పెట్టుకోండి అత్తయ్యగారూ” అంది శిరీష.

పొద్దుట్నుంచి బిగబట్టిన కోపమంతా ఆ పోపులో వేశారేమో, ఎండుమిరపా ఇంగువా మాడి ఘాటు ఒక్కసారిగా హాలంతా కమ్మేసింది. అందరం దగ్గుతూ బాల్కనీలోకి పరిగెత్తాం. కింద ఔటర్ రింగు రోడ్డు మీద లారీలు అగ్గిపెట్టెల్లా పోతున్నాయి. కళ్ళు తుడుచుకుంటుంటే లోపల్నుంచి చప్పుడు వినిపించింది. స్స్. స్స్. స్స్. స్స్.

తిరిగి చూస్తే, అద్దం తలుపు అవతల సత్యవతి గారు. చేతిలో తెల్లకాగితం చుట్టిన నా సీసా. కర్టెన్ మీద కొట్టారు. సోఫా మీద కొట్టారు. సోఫా మీద నేను వదిలేసిన చున్నీ మీద కూడా కొట్టారు. ఏళ్ళ తరబడి నేను ఒక్కొక్క చుక్క దాచుకున్న సీసాని దోమల మందులా కొడుతున్నారు.

“అత్తయ్యగారూ!” శిరీష అరిచింది.

“ఏవిటే? ఘాటు పోవాలనే కొట్టాను. మీ ముక్కులు సుకుమారం కదా! ఇది గదుల్లో కొట్టేదే కదూ?”

“ఎన్నిసార్లు కొట్టారండీ?” అన్నాను.

“ఏమో తల్లీ, లెక్కపెట్టానా ఏంటి!”

నేను లోపలికి అడుగుపెట్టాను. ఇంగువ ఘాటు ఇంకా ఉంది. దాన్ని చీల్చుకుంటూ వచ్చింది, నారింజ తొక్క. గోటితో అప్పుడే గిల్లిన తొక్క. కళ్ళల్లో పడితే మండేంత తాజాగా. నేను కదల్లేదు. కదిలితే పోతుందేమోనని. దాని వెనకే తడి వట్టివేళ్ళు. సింగపూర్ విమానాశ్రయంలో, చేతిలో మొదటి బోర్డింగ్ పాసుతో, ఇంత డబ్బు పెట్టి కొనాలా వద్దా అని నిలబడ్డ ఆ ముప్పై ఏళ్ళ పిల్ల వాసన.

“ఆగుండ్రి ఆగుండ్రి” అంటూ రఘు వచ్చి సీసా తీసుకుని కొత్త చీటీ మీద కొట్టాడు. చూశాడు. మళ్ళీ చూశాడు. “అక్కా, దీన్ని ఎప్పుడు కొట్టినా ఎన్నిసార్లు కొడ్తవు?”

“ఒక్కసారి.”

“ఒక్కసారేనా?”

“అయిపోతుందని…”

రఘు తల పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. సీసాలో ఉన్న సెంటు నిక్షేపంగా ఉంది. లోపలి సన్నని గొట్టంలో ఏళ్ళ తరబడి నిలిచిపోయిన ఆ కాస్త మాత్రమే గాలి తగిలి పాడైంది. చాలా రోజులు కొట్టని బోరింగులోంచి ముందు తుప్పునీళ్ళు వస్తాయి కదా, అలాగ. రెండు మూడు బిందెలు వదిలేస్తే తర్వాత మంచినీళ్ళే. నేను ప్రతిసారీ ఒక్క గ్లాసుడు కొట్టి, తుప్పు నీళ్ళు చూసి, బోరు పాడైపోయిందని ఏడ్చి వెళ్ళిపోయేదాన్ని.

“మరి మీకు తెలీదా?” శిరీష రఘు మీదికి వెళ్ళింది. “పేద్ద ముక్కు!”

“తెలుసు. ఎందుకు తెల్వదు? కానీ ఇగ దొరకని సెంటు గదా, రెండోసారి కొట్టనీకె మనసొప్పలే. నువ్వు మాత్రం? టెస్టింగ్ అంటివి, ఒక్కసారి టెస్ట్ జేసి పోయిందంటివి.”

ఐదుగురం గౌరవం కొద్దీ ఒక్కొక్కసారే కొట్టే జాతి. ఆ గౌరవం లేని మనిషి ఇంట్లో ఒక్కరే ఉన్నారు.

“అయితే నేను మంచి పనే చేశానంటారా?” అన్నారు సత్యవతి గారు.

“చేశారండీ” అన్నాను. ఎందుకో ఆవిడ చేతులు పట్టుకున్నాను.

“మరి మొహాలు అలా పెట్టారేం? రండి, పప్పు చల్లారిపోతోంది.”

ఆ పోపు పెట్టిన పప్పు, దోసావకాయ, చివర్లో పెరుగన్నం. అంత ఆకలి ఈ మధ్య ఎప్పుడూ వేయలేదు. సీసా బతికింది. కానీ కస్తూరి మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అది తేలేది సాయంత్రానికే. పై వాసనలన్నీ వెళ్ళిపోయాక గానీ అది బయటికి రాదు.

నాలుగున్నరకి బయల్దేరితే, శిరీష కూడా గచ్చిబౌలి వెళ్ళాల్సిన పనుందని కారులో ఖాజాగూడ దగ్గర దింపింది. ఆ దారిలో వెళ్తే గుట్టలు చూడకుండా రాకండి. టికెట్ లేదు. ఖాజాగూడ చెరువు పక్కగా వెళ్ళి, బాగా చీకటి పడకముందే దిగేలా చూసుకోండి. అడుగు జారని చెప్పులు వేసుకోండి. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే బండలు, వాటి వెనక అద్దాల ఆఫీసులు. రోజూ ఏసీలో కూర్చుని కిటికీలోంచి చూసే గుట్టల మీద కూర్చుని, ఈసారి ఆ కిటికీలను చూశాను. బండలు ఇంకా వెచ్చగా ఉన్నాయి.

చున్నీ మెడలోనే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు. రేపు చూద్దాంలే అనిపించింది. రేపటికి పోతుందేమో అని కూడా అనిపించింది. ఇలాంటి తర్కాలతో నేను జీవితంలో చాలా సాయంత్రాలు గడిపాను. నీళ్ళ సీసా తీసి తాగుతుంటే చెరువు మీంచి గాలి లేచింది. చున్నీ కొంగు ఎగిరి ముఖానికి చుట్టుకుంది. తీసేయబోయి ఆగిపోయాను.

ఎండలో ఆరిన దుప్పటి.

మెత్తగా, ఏ హడావుడీ లేకుండా. నేనెక్కడికి పోయాను, ఇక్కడే ఉన్నాను కదా అన్నట్టు. వెంటనే అనుమానం కూడా వచ్చింది, నేను నేనే కదా. బట్టలు ఉతికిన సబ్బు వాసనేమో? కానీ ఆ చున్నీ సంఘం నియమం ప్రకారం వాసన లేని సబ్బుతో ఉతికింది. రెండో కొంగు చూశాను. సత్యవతి గారి చేయి పడని ఆ కొంగుకి ఏ వాసనా లేదు. మొదటి కొంగు మళ్ళీ చూశాను. ఉంది. అక్కడే కూర్చుని ముఖం కప్పుకుని కాసేపు ఏడ్చాను. దిగులుతో కాదు. ఆ తర్వాత మా ఆయనకి ఫోన్ చేశాను.

“వచ్చింది” అన్నాను.

“ఏది, క్యాబా?”

“వాసన.”

“ఏం వాసన?”

“దుప్పటి వాసన.”

“మంచిదే కదా” అన్నారాయన. “వచ్చేటప్పుడు పాలపాకెట్ తీసుకురా.”

తిరుగు ప్రయాణంలో క్యాబ్ అద్దాలు దించమన్నాను. ఫ్లైఓవర్ దుమ్ము, మొక్కజొన్న పొత్తులు కాల్చే బొగ్గు, రాయదుర్గం దగ్గర ఎవరింటి మురుక్కాలవో, బోరబండ మలుపులో మిర్చిబజ్జీల నూనె. అన్నీ అందాయి. మురుక్కాలవకి కూడా కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఆ ఉదయం నేను నాకిష్టమైనది చచ్చిపోయి ఉండాలని మొక్కుకుని బయల్దేరాను. రెండింట్లో ఒకటి పోక తప్పదని నాకు నేనే నిర్ణయించుకుని, ఏది పోతే తట్టుకోగలనో బేరమాడుకున్నాను. రెండూ పోలేదన్న మూడో దారి ఉంటుందని నా బుర్రకి తట్టలేదు. పోగొట్టుకుంటానన్న భయంతో చేయి బిగించిన కొద్దీ, చేతిలో ఉన్నది పోయినట్టే కనిపిస్తుందని ఇప్పుడు అర్థమవుతోంది. ఆ సీసా ఇప్పుడు బీరువాలో లేదు. తలుపు పక్కన అరలో, తాళాల గుత్తి దగ్గర ఉంది. ఆఫీసుకి వెళ్తూ రోజూ రెండుసార్లు కొట్టుకుంటున్నాను. ఎంత మిగిలిందో వెలుతురుకి పట్టి చూడటం మానేశాను. ఒకరోజు అయిపోతుంది. అయిపోనీ.

మీ బీరువాలోనూ ఏళ్ళుగా ముట్టని సీసా ఉంటే, చెడిపోయిందని పారేసే ముందు ఒక పాత గుడ్డ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి, ఐదారుసార్లు గట్టిగా కొట్టి వదిలేయండి. తర్వాతి దాన్ని వాసన చూడండి. కొట్టడానికి చేయి రాకపోతే, ఇంట్లో పెద్దవాళ్ళ చేతికివ్వండి. వాళ్ళు లెక్కపెట్టరు.